ఆపే కణాల గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో మెదడు మీద వచ్చిన పెద్ద వ్యాసం చదివాను. బొమ్మలు బాగున్నాయి, భాష తేలిగ్గా ఉంది, మర్నాడు మా ఇంటర్ పిల్లలకు క్లాసులో చదివి వినిపించాను కూడా. కానీ అందులో రెండు మాటలు మనసులోంచి పోవడం లేదు. న్యూరాన్లు ఎంత ఎక్కువగా సిగ్నల్స్ పంపుకుంటే మెదడు అంత చురుగ్గా ఉంటుందన్నది ఒకటి. ఫిట్స్ అంటే మెదడులో కరెంటు ఎక్కువైపోవడం అన్నది రెండోది. ఈ రెండింటి మధ్య ఉండాల్సిన అసలు విషయం, మెదడులో ఆ సిగ్నల్స్‌ని ఆపడానికే పుట్టిన కణాలు ఉన్నాయన్న విషయం, రెండు పేజీల వ్యాసంలో ఒక్క చోట కూడా లేదు. అవి లేకపోతే మెదడు చురుగ్గా ఉండదు, నిమిషాల్లో అల్లకల్లోలం అవుతుంది. మా ఇంట్లో మేము కళ్లారా చూసింది అదే.

నేను మహబూబ్‌నగర్‌లో జువాలజీ లెక్చరర్‌ని. మా బాబుకి 11 ఏళ్లు, వాడికి డ్రావే సిండ్రోమ్, అంటే పసితనంలోనే ఫిట్స్ మొదలయ్యే ఒక జన్యు జబ్బు. జలుబు వల్ల ఆలస్యమైన మూడో డోసు టీకా ఐదో నెలలో వేయించి ఇంటికి తెచ్చాం. సాయంత్రానికి ఒళ్లు కాలింది. రాత్రి తొమ్మిది దాటాక ఎడమ చెయ్యి, ఎడమ కాలు మాత్రమే కొట్టుకోవడం మొదలైంది, కుడివైపు మామూలుగానే ఉంది, కళ్లు ఒక పక్కకి లాగేసినట్టు నిలిచిపోయాయి. ఎదురింటి పెద్దమ్మ పరుగున వచ్చి తాళాలగుత్తి వాడి పిడికిట్లో పెట్టింది. ఇనుము పడితే ఆగుతుందని ఆమె నమ్మకం, పాపం ప్రేమతోనే చేసింది. ఆ చిన్న వేళ్లతో పాటు తాళాలు గలగలమంటున్న చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆటోలో ఆసుపత్రికి చేరేదాకా ఆగలేదు, ఇరవై నిమిషాల పైనే. అత్తమ్మ దిష్టి అన్నది, మా ఆయన టీకా అన్నాడు, నేను మాత్రం లోలోపల, కడుపుతో ఉన్నప్పుడు ఐరన్ మాత్రలు సరిగ్గా వేసుకోలేదు కదా అనుకుని రోజూ ఏడ్చాను. అసలు కారణం తెలియడానికి మాకు మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లలో నాకు ఎవరైనా తెలుగులో చెప్పి ఉంటే బాగుండుననిపించిన సంగతే ఇప్పుడు మీకు రాస్తున్నాను. ఉత్తరం పెద్దదైతే క్షమించండి.

మెదడు పైపొరని కార్టెక్స్ అంటాం కదా, అందులో నూరు న్యూరాన్లు ఉన్నాయనుకుంటే దాదాపు ఎనభై పక్క కణాన్ని లేపేవి, అంటే సిగ్నల్‌ని ముందుకు పంపేవి. మిగిలిన ఇరవై దాకా ఆపేవి. పుస్తకాల్లో వీటిని నిరోధక నాడీకణాలు అంటారు గానీ మా ఇంట్లో మేము ఆపే కణాలనే అంటాం, బాబుకి కూడా ఆ మాటే చెప్పాం. ఇవి వాడే రసాయనం పేరు గాబా. 1950లో అమెరికాలో యూజీన్ రాబర్ట్స్ అనే శాస్త్రవేత్త ఇది మెదడులో బాగా ఉందని చూపించారు. అది దేనికి పనికొస్తుందో తేలడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. విచిత్రం ఏమిటంటే, లేపే కణాలు వాడే గ్లుటమేట్ నుంచే ఈ గాబా తయారవుతుంది, ఒక ఎంజైమ్ దాన్ని మారుస్తుంది, ఆ ఎంజైమ్‌కి బీ6 విటమిన్ కావాలి. 1950ల మొదట్లో అమెరికాలో కొందరు పసిపిల్లలకు ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చాయి. వెతికితే వాళ్లు తాగుతున్న డబ్బాపాలలో, తయారీలో వేడి చేసినప్పుడు బీ6 పోయిందని తేలింది. విటమిన్ ఇవ్వగానే ఫిట్స్ ఆగాయి. క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడల్లా పిల్లలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతారు. పాలలో ఒక్క విటమిన్ పోతే ఆపే రసాయనం తగ్గి మెదడు అదుపు తప్పుతుంది, అంత సున్నితమైన లెక్క అది.

ఆపేవి అనగానే అన్నీ ఒకటే అనుకుంటాం. కాదు. నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది ఇదే. బుట్ట కణాలని ఒక రకం ఉన్నాయి, పక్క న్యూరాన్ ఒంటి చుట్టూ పిచ్చుక గూడు అల్లినట్టు తమ కొసలు అల్లుకుంటాయి. ఇవి సెకనుకు వందల సార్లు సిగ్నల్ ఇవ్వగలవు, అలసిపోవు. ఇంకో రకం షాండిలియర్ కణం, ఫంక్షన్ హాల్లో పైనుంచి వేలాడే గాజు దీపాల గుత్తిలాగే ఉంటుంది, కొవ్వొత్తులు నిలబెట్టినట్టు నిలువుగా వరసలు. ఆ వరసలు ఎక్కడ ముగుస్తాయో తెలుసా? పక్క న్యూరాన్ నుంచి సిగ్నల్‌ని మోసుకెళ్లే తీగ మొదలయ్యే చోట, సరిగ్గా సిగ్నల్ పుట్టే చోట. అరవబోయేవాడి గొంతు మీద చెయ్యి వేసినట్టు. హంగేరీలో 1970ల్లో సెంటాగొథాయ్ దీనికి ఈ పేరు పెట్టారు, అది తీగ మొదట్లోనే అతుక్కుంటుందని 1977లో అక్కడే పీటర్ షొమొగ్యి చూపించారు. మూడోది మార్టినోటి కణం, 1889లో వర్ణించిన ఇటలీ ఆయన పేరు. దీని తీగ పైకి, పైకి పాకి కార్టెక్స్ ఆరు పొరల్లో అన్నిటికంటే పై పొరకి చేరి అక్కడ విచ్చుకుంటుంది, న్యూరాన్ల కొమ్మల కొసల్లో వచ్చే కబుర్లని అక్కడే తగ్గిస్తుంది. నాలుగో రకానికి వీఐపీ కణాలని పేరు, మొదట పేగుల్లో దొరికిన ఒక పెప్టైడ్‌ని, అంటే చిన్న ప్రోటీన్ ముక్కని, బట్టి వచ్చిన పేరు అది. ఇవి ఎక్కువగా ఆపేది లేపే కణాలని కాదు, మార్టినోటి లాంటి ఆపే కణాలనే. ఆపేవాటిని ఆపితే ఏమవుతుంది, కింద ఉన్న న్యూరాన్‌కి కాస్త స్వేచ్ఛ దొరుకుతుంది. 2013లో, ఆ తర్వాత ఎలుకల మీద వరసగా వచ్చిన పరిశోధనల్లో ఇది స్పష్టమైంది. ఎలుక పరిగెత్తుతున్నప్పుడు చూపుకి సంబంధించిన కార్టెక్స్‌లో ఈ వీఐపీ కణాలు లేచి కూర్చుంటాయి.

ఇంకెన్ని రకాలు ఉన్నాయి? 2018లో సియాటిల్‌లోని అలెన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఎలుక కార్టెక్స్‌లో రెండు చోట్ల నుంచి 23 వేలకు పైగా కణాలు తీసి, ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూసి 133 రకాలుగా విడదీశారు. అందులో లేపే న్యూరాన్లు 56 రకాలు, ఆపేవి 61 రకాలు. సంఖ్యలో ఐదో వంతు ఉన్నవి రకాల్లో మాత్రం ఎక్కువ. అదే ఏడాది మనిషి మెదడులో, ఎలుకల్లో కనిపించని ఒక కొత్త ఆపే కణం బయటపడింది, రేకులు రాలాక మిగిలే గులాబీ కాయలా ఉందని దానికి రోజ్‌హిప్ అని పేరు పెట్టారు. వందేళ్ల కిందే స్పెయిన్‌కి చెందిన కహాల్, చేత్తో మెదడు బొమ్మలు గీసుకుంటూ, మనిషి మెదడు గొప్పతనం ఈ పొట్టి తీగ కణాలు ఎక్కువగా ఉండటంలో ఉందని నమ్మారు. ఆయన వాటిని ఆపే కణాలుగా గుర్తించలేదు, ఆ కాలంలో ఆ సంగతి తెలియదు, కానీ వాటిని చూసి ఊరుకోలేదు.

అసలు వీటి పుట్టుక గురించి చెప్పాలనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. లేపే కణాలు కార్టెక్స్ కింద, అక్కడే పుట్టి, నిలువుగా నిలబడ్డ సన్నని సహాయక కణాల పోగులు పట్టుకుని తాడు ఎక్కినట్టు పైకి ఎక్కి తమ పొరలో స్థిరపడతాయి. 1972లో పాష్కో రాకిచ్ దీన్ని చూపించారు. చాలా కాలం ఆపే కణాలు కూడా అలాగే వస్తాయని అనుకున్నారు. కాదు, అవి స్థానికులు కావు. పిండం మెదడు అడుగున తాత్కాలికంగా లేచే ఉబ్బుల్లో, గాంగ్లియానిక్ ఎమినెన్స్ అంటారు, అక్కడ పుట్టి, కార్టెక్స్‌లోకి అడ్డంగా చాలా దూరం నడిచి వస్తాయి. మా పాలమూరు వాళ్లకి ఇది వివరించనక్కర్లేదు. మా తాత సాగర్ డ్యాం దగ్గర మట్టి మోసినవాడే. పుట్టింది ఒక చోట, కట్టింది ఇంకో చోట.

ఈ వలసని బలంగా నిరూపించింది 1997లో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవర్ట్ ఆండర్సన్, జాన్ రూబెన్‌స్టైన్ బృందం. ఎలుక పిండం మెదడు ముక్కని పెంచుతూ, అడుగు ఉబ్బుకీ కార్టెక్స్‌కీ మధ్య దారిని కత్తితో కోసేశారు, కార్టెక్స్‌లో గాబా కణాలు తగ్గిపోయాయి. డీఎల్ఎక్స్1, డీఎల్ఎక్స్2 అనే రెండు జన్యువులు లేని ఎలుకల్లో అయితే ఆ కణాలు బయల్దేరలేక అడుగునే పోగుపడ్డాయి. అంతే, చాలా కాలంగా ఉన్న అభిప్రాయం మారిపోయింది. ఆ తర్వాత లెక్కలు వివరంగా తేలాయి. లోపలివైపు ఉబ్బులోంచి బుట్ట కణాలు, మార్టినోటి కణాలు వస్తాయి, ఎలుకల్లో మొత్తంలో వీటి వాటా దాదాపు 70 శాతం. తోకవైపు ఉబ్బులోంచి వీఐపీ కణాలు, ఇంకొన్ని రకాలు కాస్త ఆలస్యంగా వస్తాయి. షాండిలియర్ కణాలు లోపలి ఉబ్బులోంచే, కానీ చిట్టచివర. ఏ ఉబ్బులో, ఏ రోజున పుట్టింది అన్నదాన్ని బట్టి ఆ కణం పెద్దయ్యాక ఏం చేస్తుందో చాలావరకు నిర్ణయమైపోతుంది. లోపలి ఉబ్బుకి గుర్తింపు ఇచ్చే జన్యువు ఎన్‌కేఎక్స్2-1, అదే జన్యువు మన థైరాయిడ్‌కి, ఊపిరితిత్తులకి కూడా కావాలి. శరీరం ఒకే పనిముట్టుని ఎన్ని చోట్ల వాడుకుంటుందో చూడండి.

నా ఫోన్‌లో ఒక చిన్న వీడియో ఉంది, నడుస్తున్న ఆపే కణాన్ని గంటల తరబడి తీసి, వేగం పెంచి చూపించేది. ముందు ఒక సన్నని చెయ్యి చాపుతుంది, ఆ చెయ్యి చివర రెండుగా చీలుతుంది, ఒకటి ఇటు, ఒకటి అటు తడుముతాయి. కాసేపు కణం ఒళ్లు కదలదు. దారి ఏదో తేల్చుకున్నాక ఒక కొమ్మని వెనక్కి లాక్కుంటుంది, అప్పుడు లోపల ఉన్న కేంద్రకం, వెనకనుంచి ఎవరో నెట్టినట్టు, ఒక్క గెంతు ముందుకి దూకుతుంది. మళ్లీ ఆగుతుంది. మళ్లీ చెయ్యి చాపుతుంది. చీకట్లో కొత్త ఇంట్లోకి వచ్చినవాళ్లు గోడలు తడుముకుంటూ నడిచినట్టే ఉంటుంది. దీన్ని నేను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. రాత్రి బాబు పడుకున్నాక పక్కన కూర్చుని చూసేదాన్ని, వాడి తలలో కూడా ఇవన్నీ ఇలాగే నడిచి వచ్చాయి, వాటి నడకలో తప్పు లేదు, దారిలో తప్పు లేదు, చేరాక పనిచేయడానికి కావాల్సిన ఒక్క భాగం చాలలేదు, అంతే, అని నాకు నేను చెప్పుకునేదాన్ని.

చేరుకున్నాక కూడా అందరికీ చోటు ఉండదు. ఎలుకల్లో పుట్టిన మొదటి రెండు వారాల్లో దాదాపు 40 శాతం ఆపే కణాలు చనిపోతాయి. ఏది బతుకుతుందన్నది చుట్టూ ఉన్న లేపే కణాలు ఎంత మాట్లాడుతున్నాయన్న దాని మీద చాలా వరకు ఆధారపడుతుందని 2018లో తేలింది. అంటే ఆపేవాటి సంఖ్య లేపేవాటికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఇంకో మాట, ఇది మొదటిసారి చదివినప్పుడు నమ్మలేకపోయాను, ఎదుగుతున్న మెదడులో మొదట్లో గాబా ఆపదు, లేపుతుంది. 1989లో ఫ్రాన్స్‌లో యెహెజ్కెల్ బెన్-అరి బృందం అప్పుడే పుట్టిన ఎలుకల మెదడులో, జ్ఞాపకాలకి సంబంధించిన హిప్పోక్యాంపస్ అనే భాగంలో, ఇది చూపించింది. కారణం కణంలో క్లోరైడ్ ఎక్కువ ఉండటం. తర్వాత కేసీసీ2 అనే పంపు తయారై ఆ క్లోరైడ్‌ని బయటికి తోసేశాకే గాబాకి ఆపే గుణం వస్తుంది. రసాయనం అదే, కణమూ అదే, లోపలి ఉప్పు లెక్క మారితే అర్థమే తిరగబడుతుంది.

మనిషిలోనూ అంతా ఎలుకలాగేనా అన్న దాని మీద చాలా వాదన జరిగింది, ఇంకా పూర్తిగా ముగియలేదు. 2002లో రాకిచ్ బృందం, మనిషి పిండంలో ఆపే కణాల్లో ఎక్కువ భాగం కార్టెక్స్ కిందే పుడతాయని రాసింది. 2013లో వేరే బృందాలు చూసి, లేదు, మనుషుల్లో కూడా చాలా వరకు అడుగు ఉబ్బుల నుంచే వస్తాయన్నాయి. మళ్లీ 2022లో, మనిషి కార్టెక్స్‌లోని ఒకే మూల కణం లేపేవాటిని, ఆపేవాటిని రెండింటినీ పుట్టించగలదని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి పరిశోధన వచ్చింది. నా వరకు నేను, ఎక్కువ భాగం వలస వచ్చినవే, కొన్ని మాత్రం స్థానికంగా పుట్టవచ్చు అని పిల్లలకి చెబుతున్నాను. ఇక 2016లో వచ్చిన ఒక సంగతి ప్రతి తల్లికీ చెప్పాలనిపిస్తుంది. మనిషి బిడ్డలో ఈ వలస పుట్టుకతో ఆగదు. పుట్టాక కొన్ని నెలలపాటు, బిడ్డ ఉయ్యాల్లో పడుకుని కాళ్లాడిస్తున్న రోజుల్లో, కుర్ర ఆపే కణాలు ఇంకా నుదుటి వెనక భాగంలోకి నడిచి వస్తూనే ఉంటాయి.

ఇప్పుడు మా బాబు విషయం. డ్రావే సిండ్రోమ్‌ని 1978లో ఫ్రాన్స్‌లో షార్లెట్ డ్రావే అనే డాక్టరమ్మ వర్ణించారు, 2001లో ఎస్‌సీఎన్1ఏ అనే జన్యువులో లోపం దొరికింది. ఈ జన్యువు సోడియం ఛానెల్ ఒకదాన్ని, అంటే కణం గోడలో సోడియం లోపలికి వచ్చే ద్వారాన్ని, తయారుచేస్తుంది, న్యూరాన్‌లో సిగ్నల్ పుట్టాలంటే ఆ ఛానెల్ తెరుచుకోవాలి. మొదట అందరూ తికమకపడ్డారు. సోడియం ఛానెల్ తగ్గితే సిగ్నల్స్ తగ్గాలి కదా, ఫిట్స్ ఎందుకు వస్తాయి? 2006లో సియాటిల్‌లో విలియం కాటెరాల్ ప్రయోగశాల ఎలుకల్లో చూసి జవాబు చెప్పింది. ఆ ఛానెల్ తగ్గినప్పుడు లేపే కణాలు పెద్దగా ఇబ్బంది పడలేదు, వాటికి వేరే ఛానెళ్లు ఉన్నాయి. ఇబ్బంది పడింది ఆపే కణాలు, ముఖ్యంగా సెకనుకు వందల సార్లు పనిచేయాల్సిన రకం. తలుపులో సగం గొళ్లాలు విరిగితే బయటివాళ్లు లోపలికి వచ్చేస్తారు, అలాగే. అందుకే మీ వ్యాసంలో కరెంటు ఎక్కువైంది అని రాసిన దగ్గర నా మనసు ఆగిపోయింది. మా వాడి మెదడులో కరెంటు ఎక్కువ కాలేదండీ, ఆపేది తక్కువైంది.

ఈ తేడా మాటల్లో తేడా కాదు, మందులో తేడా. ఫిట్స్‌కి మామూలుగా వాడే కొన్ని మందులు, కార్బమజెపిన్, లామోట్రిజిన్, ఫెనిటోయిన్ లాంటివి, సోడియం ఛానెళ్లనే అడ్డుకుంటాయి. చాలా మందికి అవి మంచి మందులు. డ్రావే పిల్లలకి మాత్రం ఉన్న కాస్త ఛానెళ్లనీ మూసేసి పరిస్థితిని ఇంకా చెడగొట్టవచ్చు. మా బాబుకి మొదట అలాంటి మందే రాశారు, ఫిట్స్ తగ్గకపోగా వారానికి ఒకటి రోజుకి రెండయ్యాయి. ఆ డాక్టరుని నేను తప్పుపట్టను, ఐదారు నెలల పిల్లాడిలో దీన్ని గుర్తుపట్టడం నిజంగా కష్టం. మూడో ఏట హైదరాబాద్‌లో పిల్లల న్యూరాలజిస్టు ఒకరు, ఎడమవైపు ఒకసారి, కుడివైపు ఒకసారి, ప్రతిసారీ జ్వరంతోనే, వేడి నీళ్ల స్నానం చేయించినా వస్తోందన్న మా మాట ఓపిగ్గా విని, జన్యు పరీక్ష చేయించి, మందు మార్చారు. ఎవరూ ఈ ఉత్తరం చదివి సొంతంగా మాత్రలు ఆపొద్దు, అది ప్రాణం మీదికి వస్తుంది. కానీ బిడ్డకి మొదటి ఏడాదిలోనే జ్వరంతో పొడవాటి ఫిట్స్, అదీ ఒక పక్కనే, మళ్లీ మళ్లీ వస్తుంటే డ్రావే అయి ఉంటుందా అని అడగండి. ఆ మాట అడగడం మాకు తెలియక మూడేళ్లు పోయాయి.

టీకా సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో దాని మీద ఎన్ని గొడవలు జరిగాయో నాకు తెలుసు. టీకా వల్ల మెదడు దెబ్బతిన్నదని అనుకున్న 14 మందిని ఆస్ట్రేలియాలో శామ్యూల్ బెర్కోవిచ్ బృందం పరీక్షించింది, వాళ్లలో 11 మందికి ఈ ఎస్‌సీఎన్1ఏ జన్యువులోనే లోపం దొరికింది. 2006లో అది ప్రచురించారు. టీకాకి వచ్చే జ్వరం మొదటి ఫిట్‌ని కాస్త ముందుకు లాగవచ్చు, జబ్బుని తేదు. జబ్బు గర్భంలో మొదటి రోజుల నుంచే ఉంది. ఎక్కువ మంది పిల్లల్లో ఆ లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చింది కాదు, కొత్తగా ఏర్పడింది. మాదీ అంతే. ఆ రిపోర్టు చదివిన రోజు మా అత్తమ్మ ఏమీ మాట్లాడలేదు, వంటింట్లోకి వెళ్లి నాకు టీ పెట్టి తెచ్చింది. ఎనిమిదేళ్ల కిందటి ఆ టీ రుచి ఇప్పటికీ గుర్తుంది.

ఫిట్స్ వచ్చినప్పుడు తాళాలు, ఉల్లిపాయ, చెప్పు, ఏదీ పనిచేయదు. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి, అప్పటికి చేతిలో తాళాలు ఉంటాయి కాబట్టి తాళాలకి పేరొస్తుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు, గట్టిగా పట్టుకోవద్దు, గడియారం చూడండి, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రి. మా దగ్గర డాక్టరు రాసిచ్చిన మిడజోలామ్ ముక్కు స్ప్రే ఎప్పుడూ ఉంటుంది, వాడి స్కూలు బ్యాగు ముందు జేబులో ఒకటి, నా హ్యాండ్‌బ్యాగులో ఒకటి. అది చేసే పని కూడా గాబాదే, ఉన్న గాబా మాటకి బలం ఇస్తుంది. కిందటి ఏడాది జడ్చర్ల దాటాక బస్సులో వచ్చింది, స్ప్రే కొట్టి గడియారం చూస్తూ కూర్చున్నాను, రెండో నిమిషం దాటి కాసేపటికి పిడికిలి వదులైంది. వెనక సీటాయన తీసిన తాళాలు ఆయన చేతిలోనే ఉండిపోయాయి. ఏమిటమ్మా ఆ మందు అని అడిగాడు. షాద్‌నగర్ వచ్చేదాకా ఆపే కణాల గురించే చెప్పాను, శ్రద్ధగా విన్నాడు. డిగ్రీ లేని మనిషికి బస్సులో అర్థమైన విషయం మీ పాఠకులకి అర్థం కాదా?

పరిశోధన ఆగలేదు. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్కాట్ బరాబన్ బృందం లోపలి ఉబ్బు నుంచి తీసిన కుర్ర ఆపే కణాలని ఫిట్స్ ఉన్న పెద్ద ఎలుకల మెదడులో నాటితే, అవి అక్కడ కూడా నడిచి, సర్దుకుని, ఫిట్స్‌ని బాగా తగ్గించాయి. మనిషి మూల కణాల నుంచి తయారుచేసిన ఆపే కణాలని, మందులకి లొంగని ఒక రకం మూర్ఛ ఉన్న పెద్దవాళ్లలో నాటి చూడటం అమెరికాలో 2022లో మొదలైంది. అది డ్రావేకి కాదు, మా వాడికి ఇప్పుడే అందేదీ కాదు, ఆ తేడా నాకు తెలుసు. మన దగ్గర ఐఐటీ మద్రాస్ వాళ్లు 2024 డిసెంబరులో, మూడు నుంచి ఆరు నెలల మధ్య పిండాల మెదళ్లని పొరలు పొరలుగా కోసి, 5132 ముక్కల వివరమైన చిత్రాలని ధరణి పేరుతో అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఆపే కణాలు పుట్టే ఆ ఉబ్బులు ఆ వయసు మెదళ్లలో పెద్దగా కనిపిస్తాయి. మా ల్యాబ్‌లో ప్రొజెక్టర్ మీద తెరిచి పిల్లలకి చూపించాను, ఒక అమ్మాయి ముందుకొచ్చి తెర మీద వేలు పెట్టి, మేడమ్, ఇక్కడి నుంచి అక్కడికి నడిచే వస్తాయా అని అడిగింది.

అందుకే నేను అడిగేవి రెండే. వచ్చే ఆదివారం ఒక చిన్న సవరణ వేయండి, ఫిట్స్ చాలాసార్లు ఆపే కణాల పని తగ్గడం వల్ల కూడా వస్తాయని, అందుకే అందరికీ ఒకే మందు పనికిరాదని. మూడు వాక్యాలు చాలు. రెండోది, తర్వాత ఎప్పుడైనా మెదడు బొమ్మ వేస్తే అందులో బుట్ట కణాన్ని, షాండిలియర్ కణాన్ని, మార్టినోటి కణాన్ని కూడా గీయించండి, అవి ఎక్కడ పుట్టి ఎక్కడికి వచ్చాయో బాణం గుర్తులతో. మీ చిత్రకారుడికి నమూనాలు కావాలంటే బోర్డు మీద నేను గీసేవి శుభ్రంగా కాగితం మీద గీసి పంపుతాను. మా బాబు రంగులు వేస్తానన్నాడు, ఆపే కణాలకి ఆకుపచ్చ అని ఇప్పటికే నిర్ణయించేశాడు.

ఇట్లు,
ఒక జువాలజీ లెక్చరర్, మహబూబ్‌నగర్
(బాబు స్కూల్లో పిల్లలు చదువుతారు కాబట్టి నా పేరు వేయొద్దని మనవి.)